శిలాఫలకం దాటి చూడటం: మీ ఎమ్మెల్యే ఐదేళ్ల పనిని ఫలితాలతో కొలిచే పద్ధతి

ఎన్నికల ముందు ఏ ఊరి టీ కొట్టు దగ్గర నిలబడినా ఎమ్మెల్యే గురించి రెండు రకాల మాటలే వినిపిస్తాయి. "పిలిస్తే పలుకుతాడు, పెళ్లయినా చావైనా వస్తాడు" అంటారు కొందరు. "గెలిచాక మొహం చూపించలేదు" అంటారు ఇంకొందరు. రెండూ మనిషి గురించిన మాటలే. పని సంగతి అడిగితే "వెయ్యి కోట్లు తెచ్చాడంట" అంటారు తప్ప, ఆ వెయ్యి కోట్లు ఏ ఊళ్లో ఏ రూపంలో ఉన్నాయో చెప్పేవాళ్లు దొరకరు.

ఆ లెక్క తేల్చే పద్ధతి ఇది. ఒక నియోజకవర్గం, ఒక ఎమ్మెల్యే, ఒక పదవీకాలం వరకే హద్దు పెట్టుకోండి. కావాల్సినవి ఒక లాంగ్ నోటుబుక్కు, ఇంటర్నెట్ ఉన్న ఫోను, కొలత టేపు, 20 లీటర్ల బకెట్టు, దరఖాస్తులకూ జిరాక్సులకూ బస్సు చార్జీలకూ కలిపి ఓ వెయ్యి రూపాయలు. సమయం రెండు నెలలు పడుతుంది. అందులో చేసే పని ఆరేడు రోజులే, మిగతాదంతా జవాబుల కోసం ఎదురుచూడటం.

1. కొలబద్దను ముందే రాసిపెట్టండి

ఒక్క అంకె కూడా చూడకముందే మొదటి పేజీలో ఐదారు విషయాలు రాసి, కింద తేదీ వేయండి. తాగునీరు, ఆసుపత్రి, బడి, రోడ్లు, సాగునీరు (పట్టణమైతే డ్రైనేజీ), శాసనసభలో పని. అభిమానించే నాయకుడి దగ్గరికొచ్చేసరికి రోడ్లు బాగా లేకపోతే "పింఛన్లు చూడండి" అంటాం, గిట్టని నాయకుడి దగ్గర రోడ్లు బాగుంటే "నీళ్ల సంగతేంటి" అంటాం. కొలబద్ద జారకుండా ఆ తేదీ అడ్డుపడుతుంది.

ప్రతి విషయానికీ లెక్కపెట్టగలిగే వాక్యం ఒకటి ఉండాలి. "వైద్యం మెరుగుపడిందా" అని రాస్తే పనికిరాదు. "మా ఆసుపత్రిలో నెలకు ఎన్ని కాన్పులు జరుగుతున్నాయి, ఎంతమందిని జిల్లా ఆసుపత్రికి పంపేస్తున్నారు" అని రాస్తే కొలవొచ్చు.

2. ఎవరి చేతిలో ఏముందో విడదీయండి

ఎమ్మెల్యేకు రాజ్యాంగం ఇచ్చిన పని చట్టం చేయడం, బడ్జెట్‌కు ఓటేయడం, ప్రభుత్వాన్ని ప్రశ్నించడం. ఊరి వీధి దీపం పంచాయతీది. నిధులు విడుదల చేసేది ఆర్థిక శాఖ, టెండరు పిలిచేది ఇంజనీరింగ్ విభాగం. ఎమ్మెల్యే చేతిలో నిజంగా ఉండేవి ప్రతిపాదన పెట్టించడం, ఫైలు వెంట పడటం, అధికారుల బదిలీల్లో మాట చెల్లించుకోవడం, సమీక్షల్లో నిలదీయడం. ఇవి చిన్నవేమీ కావు, కానీ ఇవే అన్నీ కావు.

ప్రతి ఘనత పక్కనా ఒకే ప్రశ్న రాసుకోండి: "ఎమ్మెల్యే ఎవరైనా ఇది వచ్చేదా?" జవాబును బట్టి మూడు గుర్తులు వేయండి: సొంతం, పంచుకున్నది, గాలివాటం. నియోజకవర్గంలో వేల మందికి పింఛను అందుతోందంటే అది రాష్ట్రమంతా ఉన్న పథకం. పక్క నియోజకవర్గంలో ప్రతిపక్ష ఎమ్మెల్యే ఉన్నా వస్తోంది. అది గాలివాటం. అర్హత ఉండీ ఆగిపోయిన పేర్లను వెతికి ఎక్కించి ఉంటే మాత్రం ఆ మేరకు సొంతమే. అపవాదులకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. రాష్ట్రమంతటా బిల్లులు ఆగిపోయిన ఏడాది మీ ఊరి రోడ్డు ఆగితే, ఆ తప్పంతా ఒక్క ఎమ్మెల్యే నెత్తిన వేయకూడదు.

ఎంపీని కొలిచేటప్పుడు ఇదే రకం పొరపాటు ఒకటి తరచూ కనిపిస్తుంది. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, ఐదేళ్లకు 25 కోట్లు అని లెక్కేసి "ఇంత తక్కువ ఖర్చు పెట్టాడేం" అంటారు. కోవిడ్ కారణంగా 2020-21కి ఆ నిధులు లేవు, 2021-22లో 2 కోట్లే ఇచ్చారు. కాబట్టి 2019-24 ఎంపీని 17 కోట్లకే కొలవాలి. పైగా ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు. మంజూరూ అమలూ జిల్లా యంత్రాంగానివి. సిఫారసు తేదీకీ మంజూరు తేదీకీ మధ్య ఎన్ని నెలలు పట్టిందో చూస్తే ఆలస్యం ఎవరిదో తెలుస్తుంది.

3. మాటల జాబితా తయారు చేయండి

ఎన్నికల హామీలు, పత్రికల జిల్లా పేజీలు, ఎమ్మెల్యే అనుచరులు పంచే ప్రగతి పుస్తకం, సామాజిక మాధ్యమాల్లో పెట్టే వీడియోలు, అన్నిటికంటే ముఖ్యంగా శిలాఫలకాలు. మండలానికో పూట కేటాయించి శిలాఫలకాలన్నీ ఫొటోలు తీయండి. పేర్లు కాదు, తేదీ, పని పేరు, అంచనా విలువ కనిపించాలి. రాతిమీద తేదీ చెక్కి ఉంటుంది కాబట్టి తర్వాత ఎవరూ మార్చలేరు. ఒకే పనికి ఇద్దరు ఎమ్మెల్యేల కాలంలో రెండు ఫలకాలు కనిపిస్తే ఆ పనిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. మీ అధ్యయనంలో అసలు సరుకు అక్కడే దొరుకుతుంది.

సాధారణంగా ముప్పై నుంచి యాభై పనులు తేలతాయి. అన్నీ వెంటపడితే తెమలదు. విలువలో పెద్దవి పది, చిన్నవాటిలో చీటీలు వేసి తీసినవి పది తీసుకోండి. మీకు తెలిసిన ఊళ్లే ఏరుకుంటే, తెలిసిన కథే మళ్లీ వస్తుంది.

4. ప్రతి పనినీ ఐదు మెట్ల మీద నిలబెట్టండి

మొత్తం పద్ధతికి ఇది నడుము. పేజీని అడ్డంగా తిప్పి, పని పేరు పక్కన ఐదు గళ్లు గీయండి. ప్రతి గడిలో తేదీ, రూపాయలు.

మొదటి మెట్టు ప్రకటన. సభలోనో, పత్రికా సమావేశంలోనో అన్నమాట. దీనికి విలువ సున్నా.

రెండోది పరిపాలనా అనుమతి, అంటే జీవో (ప్రభుత్వ ఉత్తర్వు). ఇక్కడే చాలామంది మోసపోతారు. "50 కోట్లు మంజూరు" అని వార్త వస్తే డబ్బు వచ్చినట్టు అనుకుంటాం. జీవో అంటే ఆ పని చేసుకోవచ్చన్న అనుమతి మాత్రమే, ఖజానా నుంచి రూపాయి కదిలినట్టు కాదు. ప్రభుత్వం మారినప్పుడు పని మొదలుకాని జీవోలు రద్దవడం, అదే పనికి కొత్త జీవో రావడం మామూలే. అలాంటప్పుడు ఒకే రోడ్డు ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది. జీవో నంబరు రాసుకుంటే ఈ జంట లెక్క బయటపడుతుంది.

మూడోది టెండరు, ఒప్పందం. ఒప్పందంలో పని పూర్తి చేయాల్సిన గడువు ఉంటుంది. ఆలస్యాన్ని కొలవాల్సింది ఆ తేదీ నుంచే గానీ నాయకుడు మైకులో చెప్పిన తేదీ నుంచి కాదు. ఎన్నిసార్లు టెండరు పిలిచినా ఎవరూ రాలేదంటే, పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు వెనకాడుతున్నారా, అంచనా ధరలే పాతవా అని ఆరా తీయండి.

నాలుగోది బిల్లు చెల్లింపు. ఇంజనీరు ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, జరిగిన పని కొలతలు రాస్తారు, దాన్నిబట్టి బిల్లు తయారవుతుంది, ఖజానా చెల్లిస్తుంది. ఎం-బుక్‌లో ఎక్కి బిల్లు రానిది ఎంతో, చెల్లించినది ఎంతో వేరువేరుగా రాయండి. సగంలో ఆగిన పనుల్లో ఎక్కువ వాటికి కారణం ఈ గడిలోనే దొరుకుతుంది.

ఐదోది వాడకం. రిబ్బను కత్తిరించిన రోజు కాదు, జనం వాడుతున్న రోజు. భవనానికి తాళం ఉంటే ఈ గడి ఖాళీగానే వదలండి.

ఉదాహరణకు 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రాన్ని 100 పడకల ఆసుపత్రిగా పెంచారనుకుందాం. జీవో వచ్చింది, భవనం లేచింది, ప్రారంభోత్సవమూ అయింది. నాలుగు మెట్లు ఎక్కేసినట్టే కనిపిస్తుంది. కానీ పడకలు పెంచే జీవో వేరు, పెరిగిన పడకలకు తగిన పోస్టులు మంజూరు చేసే ఉత్తర్వు వేరు, ఆ పోస్టుల్లో మనుషుల్ని నింపడం ఇంకా వేరు. ఈ మూడింటి మధ్య ఏళ్లు గడిచిపోవచ్చు. గైనకాలజిస్టు ఉండి మత్తు డాక్టరు లేకపోతే ఆపరేషన్ థియేటరు ఉన్నా లేనట్టే. కాబట్టి సూపరింటెండెంటు కార్యాలయం నుంచి మూడు అంకెలు తీసుకోండి: మంజూరైన పోస్టులు, పనిచేస్తున్న డాక్టర్లు, డెప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తున్నవాళ్లు. మూడోది అడగకపోతే రెండో అంకెలో వాళ్లూ కలిసిపోతారు.

తర్వాత నెలవారీ కాన్పుల లెక్క అడగండి. అందులో రాత్రి 8 నుంచి పొద్దున 8 లోపు జరిగినవి ఎన్నో విడిగా అడగండి. కాన్పు నొప్పులు గడియారం చూసుకుని రావు. జరిగినవన్నీ పగటిపూటే ఉంటే రాత్రి డ్యూటీకి డాక్టరు లేడనే అర్థం. బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉన్నా సరే. రోగుల పేర్లు అడగొద్దు, అవసరమూ లేదు, ఇవ్వరు కూడా. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాల మినిట్స్ ప్రతులు కూడా తీసుకోండి. ఆ సంఘంలో ఎమ్మెల్యేకు చోటున్నచోట, ఎన్ని సమావేశాలకు వచ్చారు, మత్తు డాక్టరు ఖాళీ గురించి ఒక్కసారైనా నమోదైందా అన్నది ఆ కాగితాల్లో తెలుస్తుంది. డాక్టర్ని నియమించడం ఎమ్మెల్యే చేతిలో లేదు. ఖాళీ గురించి అడగడం మాత్రం ఉంది.

ఐదు మెట్లూ ఎక్కిన పనికీ ఏడాది తర్వాత ఒకసారి చూపు తప్పనిసరి. మేడిగడ్డ బ్యారేజీ ఉన్న కాళేశ్వరం ప్రాజెక్టును 2019 జూన్ 21న ప్రారంభించారు; 2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. ఊరి చెరువు తూముకైనా ఇదే వర్తిస్తుంది, వానాకాలం ఒకటి గడవనివ్వండి.

5. కాగితాలు రప్పించడం

జీవోలు, పంచాయతీల చెల్లింపులు చాలావరకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ ఏ తేదీన దేనికి ఎంత చెల్లించిందో చూడొచ్చు. మిగతాదానికి సమాచార హక్కు చట్టమే దారి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డు వంటి పేదరిక రుజువు ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు.

దరఖాస్తు ఇలా ఉంటే సరిపోతుంది:

"సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) ప్రకారం కోరుతున్న సమాచారం:
(1) ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి రోడ్డు పని పరిపాలనా అనుమతి ఉత్తర్వు ప్రతి.
(2) ఒప్పందంలో విలువ, తేదీ, గడువు ఉన్న పేజీల ప్రతులు. గడువు పొడిగించి ఉంటే ఆ ఉత్తర్వుల ప్రతులు.
(3) ఈ రోజు వరకు ఎం-బుక్‌లో నమోదైన కొలతల పేజీల ప్రతులు.
(4) చెల్లించిన బిల్లుల తేదీలు, మొత్తాలు. పెండింగ్‌లో ఉన్న బిల్లుల మొత్తం.
(5) సెక్షన్ 2(జె) ప్రకారం ఈ రికార్డులను స్వయంగా పరిశీలించేందుకు తేదీ, సమయం."

"ఎందుకు ఆలస్యమైంది", "ఎవరు బాధ్యులు" అని అడగొద్దు. చట్టం ఇచ్చేది కాగితంలో ఉన్న సమాచారం, అధికారి సంజాయిషీ కాదు. అలా అడిగితే "ఇది సమాచారం కిందకు రాదు" అని ఒక్క ముక్కలో తిప్పికొడతారు. ఒక దరఖాస్తులో ఒక పని గురించే రాయండి. ఇరవై పనులు కలిపి అడిగితే "సమాచారం విస్తారంగా ఉంది, వచ్చి చూసుకోండి" అన్న జవాబు వస్తుంది. వేరే శాఖకు వెళ్లాల్సిన దరఖాస్తయితే ఐదు రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. స్వయంగా రికార్డులు చూడటానికి మొదటి గంట ఉచితం. ఆ గంట చాలా విలువైంది, ఫైలులో పక్కన రాసిన, ప్రతుల్లో రాని నోట్లు అక్కడ కళ్లబడతాయి.

6. బకెట్టూ టేపూ తీసుకుని వెళ్లండి

తాగునీటి దగ్గర "నూరు శాతం ఇళ్లకు కుళాయి" అన్న మాటకూ నీళ్లకూ సంబంధం తక్కువ. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. తెలంగాణలో మిషన్ భగీరథ గ్రామాలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. నలుగురున్న ఇంటికి మొదటి లెక్కన 220 లీటర్లు, అంటే 11 బకెట్లు. రెండో లెక్కన 20 బకెట్లు.

ఊళ్లో పది ఇళ్లు ఎంచుకోండి: ట్యాంకు దగ్గర మూడు, మధ్యలో మూడు, పైపు చివర నాలుగు. చివరి నాలుగింటిలో ఎస్సీ కాలనీ తప్పకుండా ఉండాలి. పైపులైను ఎక్కడ సన్నబడుతుందో అక్కడే తెలుస్తుంది. బకెట్టు నిండటానికి పట్టిన సమయం చూడండి. రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 10 లీటర్లు. రోజు విడిచి రోజు అరగంట వస్తే రెండు రోజులకు 300 లీటర్లు, రోజుకు 150, నలుగురి ఇంట్లో మనిషికి 37.5 లీటర్లు. 55 కూడా రాలేదన్నమాట. కుళాయికి మోటారు బిగించిన ఇల్లు ఆ వీధిలో ఉంటే లెక్క తారుమారవుతుంది, ఆ సంగతి పక్కన రాయండి. కొలవాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. దసరాకు కొలిస్తే అందరూ మంచి ఎమ్మెల్యేలే.

రోడ్డు దగ్గర మూడు చోట్ల వెడల్పు కొలవండి. ఒక వరస గ్రామీణ రోడ్డు మామూలుగా 3.75 మీటర్లు, కొన్నిచోట్ల 3 మీటర్లు; మీ రోడ్డుకు ఎంత అన్నది ఒప్పందంలో ఉంటుంది. పైపొర 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్ (తారు, కంకర కలిపి పరిచే పొర) అని రాసి ఉంటే అంచు దగ్గర స్కేలు పెడితే కొంతవరకు తెలుస్తుంది. రోడ్డును మీరు తవ్వకండి, అది నేరం; నాణ్యతా పరీక్ష నివేదిక ప్రతి అడగండి. రోడ్డు పక్క అంచులకు (బెర్ములకు) మట్టి పోశారా, నీళ్లు పోయే తూములు పెట్టారా అన్నది చూస్తే ఆ రోడ్డు ఎన్ని వానలకు ఆగుతుందో అంచనా వేయొచ్చు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డయితే ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే. మూడో ఏట గుంత పడితే కొత్త నిధులు తెచ్చానని చెప్పడం ఘనత కాదు, పాత కాంట్రాక్టరు చేత పూడ్పించకపోవడం లోపం.

బడి గురించి ఒక్క హెచ్చరిక. పదో తరగతి ఉత్తీర్ణత శాతాన్ని నమ్ముకోవద్దు. 2020లోనూ 2021లోనూ పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు, ఆ రెండేళ్లు కలిపిన ఏ సగటూ పనికిరాదు. నాలుగేళ్ల క్రితం ఆరో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ఇప్పుడు పదో తరగతి పాసైనవాళ్లు ఎంతమంది అని అడగండి. మధ్యలో జారిపోయినవాళ్లు శాతంలో కనబడరు.

7. దేనితో పోల్చాలి

ఒంటరి అంకె ఏమీ చెప్పదు. పదవిలోకి రాకముందు ఎంత, దిగేనాటికి ఎంత, అదే కాలంలో పక్క రెండు నియోజకవర్గాల్లో ఎంత. ఈ మూడూ కావాలి. పక్కవి ఎంచేటప్పుడు నేల, నీరు ఒకేలా ఉన్నవి తీసుకోండి, కాలువ కింది నియోజకవర్గాన్ని మెట్ట నియోజకవర్గంతో పోల్చొద్దు. ప్రతిపక్ష ఎమ్మెల్యేని ఇతర ప్రతిపక్ష ఎమ్మెల్యేలతోనే పోల్చండి, నిధుల దగ్గర వాళ్లకు దారి వేరు.

జిల్లా అంకెలు వాడేటప్పుడు సరిహద్దులు చూసుకోండి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఏపీలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2015 నాటి నల్గొండలో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఉన్నాయి. ఆ నల్గొండను ఈ నల్గొండతో పోలిస్తే వేర్వేరు నేలల్ని పోల్చినట్టే. మండలాల వారీ అంకెలు ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయం వేసే జిల్లా గణాంక పుస్తకంలో ఉంటాయి. మండలాలను కూడి నియోజకవర్గం లెక్క మీరే కట్టుకోవడం మేలు.

అంకె విడుదలైన తేదీకీ అది చెప్పే కాలానికీ తేడా కూడా అంతే ముఖ్యం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ఫలితాలు మన రాష్ట్రాలకు 2020 డిసెంబరులో వచ్చాయి. ఇళ్లకు వెళ్లి అడిగింది 2019 ద్వితీయార్ధంలో. అందులో కాన్పుల లెక్క సర్వేకు ముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లలది. అంటే ఏపీలో 2019 మే నెలాఖరున వచ్చిన ప్రభుత్వానికి ఆ అంకెతో మంచికైనా చెడుకైనా దాదాపు సంబంధం లేదు. అయినా పొగడ్తకూ తిట్టుకూ రెండు పక్షాలూ వాడుకోగలిగేది ఇలాంటి అంకెనే.

అదే సర్వేలో తెలంగాణలో ఆసుపత్రి కాన్పులు 97 శాతం. పోస్టరుకు బ్రహ్మాండంగా సరిపోయే అంకె. పక్క వరుసలో సిజేరియన్లు 60.7 శాతం, అంతకుముందు విడతలో 57.7. మెరిసే అంకె చూపించినప్పుడల్లా దాని పక్క వరుస చూడటం అలవాటు చేసుకోండి.

పెద్ద ప్రాజెక్టులు ఒక పదవీకాలంలో ఇమడవు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ. ఫలకం మీద పేరును బట్టి ఘనత పంచితే మధ్యలో పనిచేసినవాళ్లంతా మాయమవుతారు. అలాంటివాటికి "ఈ ఐదేళ్లలో పని ఎంత శాతం నుంచి ఎంత శాతానికి కదిలింది" అన్నదే రాయండి.

8. శాసనసభలో ఏం చేశారు

శాసనసభ వెబ్‌సైట్‌లో ప్రశ్నల జాబితాలు, చర్చల ప్రతులు వెతకండి. ఎంపీలకైతే హాజరు, ప్రశ్నలు, చర్చలు పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్ల సైటులో ఒకే చోట ఉంటాయి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలూ అడగరు. వాళ్లను ఈ లెక్కలో తక్కువ చేసి చూడకూడదు. ప్రశ్నల సంఖ్యనూ మరీ నమ్మొద్దు. అడిగిన ప్రశ్నల్లో మీ నియోజకవర్గానికి సంబంధించినవి ఎన్ని, జవాబు వచ్చాక ఆ విషయం మీద రెండోసారి అడిగారా అని చూడండి. రెండోసారి అడిగినవాడు జవాబు చదివాడన్నమాట.

9. అఫిడవిట్లు రెండూ పక్కపక్కన పెట్టండి

ఆస్తులు, అప్పులు, కేసులు చెబుతూ నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్, అంటే ఫారం 26, ఎన్నికల సంఘం సైటులో దొరుకుతుంది. ఏపీ ఎమ్మెల్యేకు 2019, 2024వి, తెలంగాణ ఎమ్మెల్యేకు 2018, 2023వి తీసుకోండి. "ఆస్తి మూడింతలైంది" అని రూపాయల్లో చెప్పడం తొందరపాటు, భూమి ధర దానంతట అదే పెరుగుతుంది. సర్వే నంబర్లు, ఎకరాలు, బంగారం గ్రాములు, కంపెనీల్లో వాటాలు వరుసగా రాసి, కొత్తగా చేరినవాటికి మాత్రమే గుర్తు పెట్టండి. వాటిని ఐదేళ్ల ఆదాయ పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయంతో, కొత్త అప్పులతో కలిపి చూడండి. జీవిత భాగస్వామి, ఆధారపడినవారి పట్టికలు వదలొద్దు.

కేసుల దగ్గర సంఖ్య కాదు, సెక్షన్లు చదవాలి. రాస్తారోకోలు చేసిన నాయకుడి మీద ఐపీసీ 188 (అధికారి ఉత్తర్వు ధిక్కరణ), 341 (దారి అడ్డగింత) కింద డజను కేసులుండొచ్చు. 307 (హత్యాయత్నం), 420 (మోసం) కింద ఒక్కటే ఉన్నా బరువు వేరు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాల కేసులకు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు ఉంటాయి, నంబర్లు మారాయి. పెండింగ్ కేసు శిక్ష కాదన్నది మీ రాతలోనూ కనిపించాలి.

10. పలకరింపుకు వేరే పేజీ

పెళ్లికి రావడం, ఆసుపత్రికి ఫోను చేసి బెడ్డు ఇప్పించడం, స్టేషన్ నుంచి విడిపించడం. ఇవి పనులు కావని చెప్పడం పట్నం బుద్ధి. ఆపదలో ఫోనెత్తిన మనిషిని ఊరు మరచిపోదు, మరచిపోనక్కర్లేదు. కానీ వాటిని రోడ్డు, నీళ్లతో ఒకే తక్కెట్లో వేయొద్దు. ఇంకో కోణం కూడా చూడండి: బెడ్డు కోసం ఎమ్మెల్యేకు ఫోను చేయాల్సి వస్తోందంటే ఆ ఆసుపత్రి మామూలుగా నడవడం లేదనే కదా. ఈ పేజీ నిండుగా ఉండి, నాలుగో అడుగులోని పట్టిక ఖాళీగా ఉంటే ఆ తేడాను ఉన్నదున్నట్టు రాయండి.

11. పేరు కప్పి చూపించండి

పట్టిక తయారయ్యాక ఎమ్మెల్యే పేరు, పార్టీ, ఊళ్ల పేర్లు తీసేసి, పోల్చిన రెండు నియోజకవర్గాల పట్టికలతో కలిపి మీ రాజకీయంతో పొసగని ఇద్దరికి ఇవ్వండి. "వీటిలో ఏది మెరుగు" అని అడగండి. వాళ్ల జవాబు మీ జవాబుతో కలవకపోతే పోట్లాడకుండా ఏ గడి దగ్గర తేడా వచ్చిందో చూడండి. చాలాసార్లు అది "గాలివాటం" అని వేయాల్సినచోట "సొంతం" అని వేసిన గుర్తే అవుతుంది.

నూటికి ఇన్ని మార్కులని మాత్రం వేయకండి. నీళ్లకు 20, రోడ్లకు 15 అని ఎవరు నిర్ణయించారు? 62 మార్కులు అనగానే పట్టిక పక్కకు పోయి ఆ 62 ఇంకో ఫ్లెక్సీ మీదకు ఎక్కుతుంది. ఇరవై పనుల్లో ఎన్ని ఏ మెట్టు దగ్గర ఉన్నాయో, వాటిలో సొంతం ఎన్నో రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

ఎవరికైనా చూపించేముందు ఒక ప్రతి ఎమ్మెల్యే కార్యాలయానికి పంపి, పదిహేను రోజుల గడువుతో తప్పులు చెప్పమని అడగండి. పోస్టులో రసీదు తీసుకోండి. వాళ్లు కొత్త జీవో నంబరు చూపిస్తే గడి దిద్దండి, వివరణ మాత్రమే ఇస్తే దాన్ని యథాతథంగా పట్టిక కింద అతికించండి, జవాబే రాకపోతే పంపిన తేదీ రాసి వదిలేయండి. తర్వాతి ఎమ్మెల్యే ప్రమాణ స్వీకారం చేసిన వారంలోనే బకెట్టు కొలతలు, డాక్టర్ల లెక్క, సగంలో ఉన్న పనుల మెట్లు కొత్త పేజీలో మళ్లీ ఎక్కించండి. ఐదేళ్ల తర్వాత "నేను వచ్చేనాటికి ఏమీ లేదు" అన్నమాట వచ్చినప్పుడు తీసి చూపించాల్సిన పేజీ అదే.